ఇంట్లో కొవ్వొత్తి: కొనేముందు నుంచి ఆర్పేశాక దాకా ఏం చూసుకోవాలి

నా రాతబల్ల మీద కుడివైపు మూలన నల్లటి గుండ్రటి మచ్చ ఒకటి ఉంది. అరచేతిలో సగం ఉంటుంది. గాజు జారులో ఉన్న కొవ్వొత్తిని అడుగంటా కాలనిచ్చిన రోజు గుర్తు అది. ఇంకో గంట వస్తుందిలే అనుకుని వెలిగించాను. ఫోన్ మోగింది. మాట్లాడుతూ పక్క గదిలోకి వెళ్లాను. పావుగంటకి టప్పుమని చప్పుడు. వచ్చి చూస్తే జారు అడుగు పగిలి ఊడిపోయింది, కరిగిన మైనం బల్ల మీద పరుచుకుంది, వత్తి పక్కకి ఒరిగి ఇంకా వెలుగుతూనే ఉంది. దానికి జానెడు దూరంలో కాగితాల కట్ట. చేతికందిన స్టీలు మూత బోర్లించబట్టి మచ్చతో పోయింది.

దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోమంటారు. కొవ్వొత్తి దగ్గర మాత్రం ముందు ఇల్లు చక్కబెట్టుకోవాలి, ఆ తర్వాతే దీపం. ఆ రోజు నేను చేసిన తప్పుల్లో మూడు, అగ్గిపుల్ల గీయకముందే చేసేశాను. జారులో మైనం ఎంత మిగిలిందో చూడలేదు, కింద పళ్లెం పెట్టలేదు, కాగితాలు పక్కకి తీయలేదు. ఫోన్ నాలుగోది. అందుకే ఈ వ్యాసంలో ఎక్కువ భాగం వెలిగించకముందు చేసే పనుల గురించే ఉంటుంది.

ముందు మంట సంగతి

కొవ్వొత్తిలో కాలేది వత్తి అనుకుంటాం. కొంచెం కాలుతుంది కానీ అసలు ఇంధనం మైనం. అది కూడా గట్టిగా ఉన్నప్పుడో కరిగి ద్రవంగా ఉన్నప్పుడో కాలదు. మంట వేడికి మైనం కరుగుతుంది, ఆ ద్రవాన్ని దూది దారం పీల్చుకున్నట్టు వత్తి పైకి లాక్కుంటుంది, వత్తి కొస దగ్గర అది ఆవిరవుతుంది. ఆ ఆవిరే మండుతుంది.

నమ్మకం కలగకపోతే ఒకసారి చేసి చూడండి. గాలి లేని చోట కొవ్వొత్తిని కాసేపు బాగా వెలగనిచ్చి, మెల్లగా ఊది ఆర్పండి. వత్తి నుంచి తెల్లటి పొగ దారంలా లేస్తుంది. వెంటనే వెలుగుతున్న అగ్గిపుల్లని ఆ పొగలో, వత్తికి రెండు మూడు సెంటీమీటర్ల పైన పెట్టండి. మంట పొగ వెంబడి కిందికి దూకి వత్తిని అంటుకుంటుంది. పుల్ల వత్తిని తాకనే లేదు! ఆ తెల్లటి పొగ మైనపు ఆవిరే, గాలి తగిలి సన్నటి బిందువులుగా మారింది. శాస్త్రవేత్త మైకేల్ ఫారడే 1860లో లండన్ రాయల్ ఇన్‌స్టిట్యూషన్‌లో పిల్లల కోసం ఒక్క కొవ్వొత్తి మీదే వరుసగా ఉపన్యాసాలు ఇచ్చాడు. ఈ చిన్న తమాషా కూడా అందులో ఉంది.

ఇది తెలిస్తే మిగతా జాగ్రత్తలు బట్టీ పట్టాల్సిన పని లేదు. వత్తి పొడుగ్గా ఉంటే ఎక్కువ మైనం లాగుతుంది, మంట పెద్దదవుతుంది, పూర్తిగా కాలని కార్బన్ మసిగా బయటికొస్తుంది. మైనం మరీ వేడెక్కితే వత్తి అవసరం లేకుండానే దాని ఆవిరి అంటుకుంటుంది. టీలైట్లు, అంటే చిన్న అల్యూమినియం గిన్నెల్లో వచ్చే బుల్లి కొవ్వొత్తులు, గుంపుగా పెట్టినప్పుడు జరిగే ప్రమాదం ఇదే. ఇంక వేడి. మంటలో బాగా వేడిగా ఉండే చోట 1,400 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. మామూలు కొవ్వొత్తి ఒకటి దాదాపు 80 వాట్ల వేడి ఇస్తుంది, అందులో ఎక్కువ భాగం నిట్టనిలువుగా పైకే పోతుంది. పక్కన వేలు పెడితే గోరువెచ్చగా ఉంటుంది, అదే దూరంలో పైన పెడితే చుర్రుమంటుంది. పక్కనున్న వస్తువుల్ని చూసి తృప్తి పడి, పైనున్న అర సంగతి మర్చిపోవడం అందరూ చేసే పొరపాటు.

అడుగు 1: ఎలాంటి కొవ్వొత్తి

పేరులోనే ఉంది, కొవ్వుతో చేసిన వత్తి. ఒకప్పుడు జంతువుల కొవ్వుతో చేసేవారు. ఇప్పుడు ఎక్కువగా పెట్రోలియం నుంచి వచ్చే పారాఫిన్, ఆ తర్వాత సోయా మైనం, తేనెపట్టు మైనం. డబ్బా మీద సహజం అని రాసి ఉన్నంత మాత్రాన మంట చల్లగా ఉండదు. ఏ మైనమైనా కర్టెన్‌ని ఒకేలా అంటిస్తుంది. మైనం రకం గురించి పడే తాపత్రయంలో సగం దాని ఆకారం మీద పెడితే మంచిది.

సన్నగా పొడుగ్గా ఉండేవి తేలిగ్గా ఒరిగిపోతాయి, వాటికి బిగుతైన స్టాండు కావాలి. లావుపాటి పిల్లర్ కొవ్వొత్తులు నిలబడతాయి కానీ పక్క గోడ కరిగి ఒక్కసారిగా మైనం బయటికి కారిపోవచ్చు. జారులో ఉండేవి చూడ్డానికి అన్నిటికంటే భద్రంగా ఉంటాయి, అందుకే వాటి దగ్గర ఏమరుపాటు ఎక్కువ. గాజులో వెంట్రుకంత గీత ఉన్నా, అంచు చిట్లి ఉన్నా ఆ జారు వాడకండి.

టీలైట్లు నాకు అన్నిటికంటే అనుమానం. ఇంత చిన్నది ఏం చేస్తుందిలే అనిపిస్తుంది. అల్యూమినియం గిన్నెలో ఉన్న మైనం మొత్తం కరిగి నీళ్లలా అవుతుంది, గిన్నె అడుగు బాగా వేడెక్కుతుంది. ప్లాస్టిక్ మీదో, టీవీ మీదో, ఫైబర్ బాత్‌టబ్ అంచు మీదో నేరుగా పెడితే దాన్ని కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. పది పన్నెండు కలిపి ఒకదానికొకటి ఆనించి పెడితే పక్కవాటి వేడి కూడా తోడై, గిన్నెలోని మైనం మొత్తం ఒక్కసారిగా భగ్గుమనవచ్చు. ఒక్కొక్కటి విడివిడిగా, గాజు కప్పుల్లో పెట్టండి. ఏ కొవ్వొత్తులైనా రెండింటి మధ్య కనీసం 10 సెంటీమీటర్లు ఉండాలి. దగ్గరగా ఉంటే ఒకదాని వేడికి ఇంకొకటి వంగిపోతుంది, ఒకదాని నుంచి లేచే గాలికి రెండోది రెపరెపలాడుతుంది.

మైనంలో ఎండు పూలు, దాల్చిన చెక్క ముక్కలు, ఆకులు గుచ్చిన అలంకరణ కొవ్వొత్తులు ఫోటోలకి బాగుంటాయి. మంట వాటి దగ్గరికి చేరినప్పుడు ప్రతి పువ్వూ ఇంకో వత్తే. అలంకరణకే ఉంచుకోండి, వెలిగించకండి.

ఇంట్లో ఎక్కడో మూలన పడున్న పాత కొవ్వొత్తి వత్తి మధ్యలో లోహపు తీగ కనిపిస్తే దాని కొసని తెల్ల కాగితం మీద రుద్దండి. పెన్సిల్ గీతలా బూడిదరంగు పడితే అది సీసం అయ్యే అవకాశం ఉంది, పారేయండి. సీసం తీగ వత్తుల్ని అమెరికా 2003లో నిషేధించింది. వత్తి నిటారుగా నిలబడడానికి ఇప్పుడు జింకు తీగ వాడుతున్నారు, అది కాగితం మీద గీత పెట్టదు.

అడుగు 2: ఎక్కడ పెట్టాలి

ఇక్కడ తొందర వద్దు. చోటు సరిగ్గా కుదిరితే సగం పని అయిపోయినట్టే.

కొవ్వొత్తి పెట్టాలనుకున్న చోట ముందు ఉత్తి స్టాండు పెట్టండి. దాని చుట్టూ చెయ్యి తిప్పండి. 30 సెంటీమీటర్ల లోపల, అంటే అడుగు దూరంలో, కాలే వస్తువు ఏదీ ఉండకూడదు. పుస్తకం, టిష్యూ డబ్బా, సోఫా చెయ్యి, కృత్రిమ పూలు, ఫోన్ చార్జర్ తీగ, ఏదైనా సరే. తర్వాత పైకి చూడండి. అరో, వేలాడే దీపపు గుడ్డో, పరదా అంచో ఉంటే కనీసం మీటరు ఖాళీ ఉండాలి. పుస్తకాల బీరువా అరలో కొవ్వొత్తి పెట్టడం సినిమాల్లో చాలాసార్లు చూస్తాం. నిజంగా పెడితే పై అర అడుగుభాగం ముందు నల్లబడుతుంది, ఆ తర్వాత కాలుతుంది.

ఇప్పుడు గాలి. సీలింగ్ ఫ్యాన్, ఏసీ, తెరిచిన కిటికీ, మనుషులు తిరిగే దారి, వీటన్నిటికీ పక్కగా ఉండాలి. గాలికి మంట ఆరిపోవడం పెద్ద సమస్య కాదు. ఒక పక్కకి వాలి అటువైపు మైనం అంతా కరిగిపోవడం, జారు గాజుని ఒకే చోట కాల్చడం, మసి కక్కడం సమస్య. అన్నిటికంటే ముఖ్యం కర్టెన్. పెట్టినప్పుడు అది నాలుగడుగుల దూరంలో బుద్ధిగా వేలాడుతూ ఉంటుంది. ఎవరో కిటికీ తెరుస్తారు. అందుకే కర్టెన్ దూరం లెక్కేసేటప్పుడు దాన్ని చేత్తో పట్టుకుని కొవ్వొత్తి వైపు లాగి చూడండి. ఎంత దూరం వస్తుందో దానికి ఇంకో అడుగు కలపండి.

అలాగని తలుపులన్నీ బిగించుకోవడమూ మంచిది కాదు. కొవ్వొత్తి కూడా ఆక్సిజన్ తీసుకుంటుంది, కొద్దిపాటి కార్బన్ మోనాక్సైడ్, సన్నటి మసి వదులుతుంది. చిన్న గదిలో ఐదారు వెలిగించి గంటలు కూర్చుంటే తల బరువెక్కుతుంది. మంటకి నేరుగా తగలకుండా ఏదో ఒక మూల నుంచి గాలి ఆడనివ్వండి.

పిల్లలుంటే వాళ్లకి అందని ఎత్తులో. కానీ కింద బల్లగుడ్డ వేలాడుతుంటే ఎత్తు వల్ల లాభం లేదు, పాకే పిల్లాడు గుడ్డ కొస లాగితే మొత్తం నెత్తిన పడుతుంది. పిల్లి ఉంటే ఇంట్లో ఎత్తయిన చోటంటూ ఏదీ లేదు. కుక్క తోక బల్ల ఎత్తులోనే ఊగుతుంది. వీటికి నా జవాబు ఒకటే, అవి ఆ గదిలో ఉన్నప్పుడు నిజం కొవ్వొత్తి వద్దు.

కొన్ని చోట్ల దూరాలతో పనిలేదు, అసలు వెలిగించకూడదు. గ్యాస్ వాసన వస్తుంటే అగ్గిపుల్ల గీయకండి. వంటగ్యాస్‌కి సొంత వాసన దాదాపు ఉండదు. లీకైతే తెలియాలనే మెర్కాప్టన్ అనే ఘాటు పదార్థం కలుపుతారు, అంటే ఆ వాసన మీకోసం పెట్టిన హెచ్చరిక. ఇంట్లో ఎవరైనా ఆక్సిజన్ సిలిండరో, గాలి నుంచి ఆక్సిజన్ తీసిచ్చే కాన్సంట్రేటర్ మెషినో వాడుతుంటే ఆ గదిలో మంట ఉండకూడదు. మెషిన్ ఆపినా ఆక్సిజన్ బట్టల్లో, దుప్పట్లలో కాసేపు నిలిచి ఉంటుంది. చర్మానికి రాసుకునే పారాఫిన్ లేపనాలు ఎక్కువగా వాడేవాళ్ల బట్టలు, కట్లు కూడా మామూలు గుడ్డ కంటే వేగంగా అంటుకుంటాయి. ఉతికినా ఆ గుణం పూర్తిగా పోదు. ఈ సంగతి చాలామందికి తెలియదు.

ఇంక హ్యాండ్ శానిటైజర్, డియోడరెంట్, హెయిర్ స్ప్రే. శానిటైజర్‌లో ఎక్కువ భాగం ఆల్కహాలే, దాని మంట లేత నీలంగా ఉండి వెలుతురులో కనిపించదు. చేతులు పూర్తిగా ఆరాకే అగ్గిపెట్టె ముట్టుకోండి.

పడకగదిలో పెట్టొచ్చా అని అడిగితే, వద్దనే అంటాను. నిద్ర రాదనే అందరూ అనుకుంటారు.

అడుగు 3: కింద ఏం పెట్టాలి

స్టాండు లోహమో, పింగాణీయో, మందపాటి గాజో కావాలి. చెక్క, ప్లాస్టిక్ పనికిరావు. అడుగు వెడల్పుగా ఉండాలి, చూపుడువేలితో నెడితే ఊగకూడదు. అంచులు ఉంటే కారిన మైనం అందులోనే ఉంటుంది.

కొవ్వొత్తి స్టాండులో వదులుగా ఉంటే కాగితం ముక్క చుట్టి బిగించడం చాలామందికి అలవాటు. మంట కిందికి వచ్చేసరికి ఆ కాగితం అంటుకుంటుంది. దాని బదులు కొవ్వొత్తి అడుగుభాగాన్ని కాస్త వేడి చేసి, మెత్తబడ్డాక స్టాండులో నొక్కి, గట్టిపడేదాకా పట్టుకోండి. స్టాండే లేకపోతే లోతైన స్టీలు గిన్నెలో ఇసుక పోసి మూడోవంతు దిగేలా గుచ్చండి. చూడ్డానికి అంత బాగోదు కానీ పడిపోయినా ఇసుకలోనే పడుతుంది. బోర్లించిన గ్లాసు మీద రెండు చుక్కలు కార్చి అతికించడం మాత్రం మానుకోండి, మైనం అతుకు నున్నటి గాజు మీద ఎప్పుడు ఊడుతుందో చెప్పలేం.

జారు కొవ్వొత్తికి స్టాండు అక్కర్లేదనుకుంటారు. నా బల్ల చూశాక నేను అనుకోను. దాని కింద కూడా ఒక పళ్లెం ఉండాలి.

అడుగు 4: వత్తి కత్తిరించడం

దీన్ని ప్రతిసారీ చెయ్యాలి. కత్తిరించిన తర్వాత వత్తి 6 మిల్లీమీటర్లు ఉండాలి, అంటే పావు అంగుళం. చల్లారిన కొవ్వొత్తినే కత్తిరించాలి. గోళ్ల కత్తెర సరిపోతుంది. లోతైన జారు అయితే వంపు ఉన్న కత్తెర సులువు.

నాలుగు గంటలు కాలిన వత్తిని దగ్గర్నుంచి చూడండి. కొసన నల్లగా, కుక్కగొడుగు తలలా ఉబ్బి ఉంటుంది. మైనం వచ్చినంత వేగంగా కాలలేక మిగిలిన కార్బన్ అది. దాన్ని అలాగే ఉంచి వెలిగిస్తే మంట రెండింతలు లేస్తుంది, పొగ వస్తుంది, కాసేపటికి ఆ తల విరిగి మైనంలో పడుతుంది. పడిన ముక్క తడిసి, మంట దగ్గరికి చేరితే అదీ అంటుకుంటుంది. ఇప్పుడు మీ కొవ్వొత్తికి రెండు వత్తులు. అగ్గిపుల్ల ముక్కలు మైనంలో పడేసినా జరిగేది ఇదే. అందుకే కత్తిరించేటప్పుడు జారుని కొంచెం ఒంచి, ముక్కలు బయట పడేలా చూసుకోండి. పడినవి ఏరేయండి.

మరీ కురచగా కత్తిరిస్తే కరిగిన మైనంలో మునిగి ఆరిపోతుంది. కత్తిరించేటప్పుడు అనుమానం వస్తే ఒక మిల్లీమీటరు ఎక్కువే ఉంచండి.

అడుగు 5: వెలిగించడం

జుట్టు వెనక్కి ముడేసుకోండి. చొక్కా చేతులు వదులుగా ఉంటే మడవండి, చున్నీ, కొంగు దోపుకోండి. సింథటిక్ బట్ట మంటకి కరిగి ఒంటికి అతుక్కుంటుంది. నూలు బట్ట కరగదు కానీ వేగంగా మండుతుంది. రెండూ మంటకి దూరంగా ఉండాల్సినవే.

లోతైన జారుకి పొడవాటి లైటర్ వాడండి. మామూలు అగ్గిపుల్లతో ప్రయత్నిస్తే వేళ్లు కాలి పుల్ల లోపలే వదిలేస్తాం. ఎక్కువ కొవ్వొత్తులు ఉంటే దూరంగా ఉన్నదాని నుంచి మొదలుపెట్టి మీ వైపుకి రండి, అప్పుడు వెలిగినవాటి మీదుగా చెయ్యి చాపాల్సిన అవసరం ఉండదు. గీసిన పుల్లని నీళ్లలో ముంచాకే చెత్తబుట్టలో వెయ్యండి.

కొత్త జారుని లేదా పిల్లర్‌ని మొదటిసారి వెలిగించినప్పుడు పైభాగం మొత్తం అంచుల దాకా కరిగేవరకూ ఉంచండి. అంగుళం వెడల్పుకి సుమారు గంట పడుతుంది. మధ్యలోనే ఆర్పేస్తే వత్తి చుట్టూ గొయ్యి పడుతుంది, తర్వాత ప్రతిసారీ ఆ గొయ్యిలోకే దిగుతుంది. డబ్బు వృథా అన్న సంగతి అటుంచి, లోతు గొయ్యిలోని మంటకి గాలి సరిగా అందక మసి ఎక్కువ వస్తుంది. అంత సమయం లేని రోజు కొత్తది తెరవకండి.

అడుగు 6: వెలుగుతున్నంతసేపూ

నియమం ఒకటే, మీరు ఆ గదిలో ఉండాలి. మెలకువగా. తలుపు తీయడానికి వెళ్లినా, స్నానానికి వెళ్లినా ఆర్పి వెళ్లాలి. చెప్పడం తేలిక, గుర్తుండడమే కష్టం. కాబట్టి నేనొక అలవాటు చేసుకున్నాను. కొవ్వొత్తి వెలిగినంతసేపూ అగ్గిపెట్టె నా జేబులోనే ఉంటుంది. పక్క గదిలోకి వెళ్లి కూర్చుంటే గుచ్చుకుంటుంది. ఆర్పాకే దాన్ని దాని చోట పెడతాను. ఫోన్‌లో టైమర్ కూడా మంచిదే కానీ ఫోన్ మోగితేనే కదా నేను అసలు బయటికి వెళ్లింది.

ఒక విడతలో నాలుగు గంటలు దాటనివ్వకండి. ఆ తర్వాత వత్తికి తల కడుతుంది, మైనం మడుగు లోతవుతుంది, వత్తి నిలబడలేక ఒరుగుతుంది. ఆర్పి, రెండు గంటలు చల్లారనిచ్చి, కత్తిరించి మళ్లీ వెలిగించుకోవచ్చు.

మధ్యమధ్యలో మంటని చూడండి. కదలకుండా, కన్నీటి చుక్క ఆకారంలో ఉంటే అంతా బాగున్నట్టు. గాలి లేకపోయినా దడదడలాడుతుంటే వత్తి పొడవైంది. నల్లపొగ కొస నుంచి లేస్తుంటే, జారు అంచు లోపల మసి పడుతుంటే ఆర్పేయండి. మంట ఒక పక్కకే ఒరుగుతుంటే ఎక్కడి నుంచో గాలి వస్తోంది. చోటు మార్చాలి, కానీ వెలుగుతుండగా కాదు. వెలుగుతున్న కొవ్వొత్తిని ఎత్తకండి. ఆర్పాక కూడా మైనం గట్టిపడేదాకా కదపకండి. పారాఫిన్ 50, 60 డిగ్రీల దగ్గర కరుగుతుంది, మంట పక్కనున్న మడుగు దానికంటే వేడిగా ఉంటుంది. చేతి మీద ఒలికితే నీళ్లలా జారిపోదు, అతుక్కుని కాలుస్తూనే ఉంటుంది.

చివరి దాకా వాడుకోవాలనే ఆశకి ఒక హద్దు పెట్టుకోండి. జారులో అడుగున ఒకటిన్నర సెంటీమీటరు మైనం మిగలగానే దానితో పని అయిపోయింది. విడిగా నిలబడే కొవ్వొత్తులకి 5 సెంటీమీటర్లు. ఆ కాస్త మైనమే ఇంతకాలం వేడి గాజు అడుక్కి చేరకుండా అడ్డుపడింది.

అడుగు 7: ఆర్పడం

ఉఫ్‌మని ఊదడం అందరికీ వచ్చు. అందులో చిక్కేమిటంటే వేడి మైనం ఎదురుగా ఉన్నవాళ్ల మీదికి చిందుతుంది, పొగ గది నిండా కమ్ముతుంది. మంట మీద చిన్న లోహపు గంటలాంటి ఆర్పుడు మూత బోర్లిస్తే గాలి అందక ఆరిపోతుంది. అది లేకపోతే పొడవాటి చెంచా కాడతోనో, లోహపు పుల్లతోనో వత్తిని కరిగిన మైనంలోకి వంచి, మునగ్గానే మళ్లీ పైకి లేపి నిలబెట్టండి. పొగ దాదాపు రాదు, వత్తికి మైనం పట్టి మళ్లీ తేలిగ్గా అంటుకుంటుంది. నాకు ఇదే ఇష్టం.

నీళ్లు మాత్రం పోయకండి. వేడి గాజు చిట్లుతుంది, వేడి మైనం చిందుతుంది.

ఆరాక వెంటనే వెళ్లిపోకండి. వత్తి కొసన ఎర్రటి నిప్పు చుక్క కొన్ని సెకన్లు ఉంటుంది. అది పోయేదాకా చూడండి. ఊదినా మళ్లీ మళ్లీ వెలిగే తమాషా కొవ్వొత్తుల్లో వత్తికి మెగ్నీషియం పొడి పట్టించి ఉంటుంది, ఆ నిప్పు చుక్కే దాన్ని అంటిస్తుంది. వాటిని ఊదుతూ కూర్చోకుండా, తీసి వత్తిని చన్నీళ్లలో ముంచేయాలి.

మిగిలిన మైనం, ఖాళీ జారు

వేడి మైనాన్ని సింకులో పోయకండి, గొట్టంలో గడ్డకడుతుంది. జారు శుభ్రం చేయాలంటే కొన్ని గంటలు ఫ్రీజర్‌లో పెట్టండి. మైనం ముడుచుకుని, చాకు మొనతో తడితే ఊడివస్తుంది. ఆ చల్లటి గాజులో వెంటనే వేడినీళ్లు పోస్తే పగులుతుంది, మామూలు వేడికి వచ్చాకే కడగండి.

ముక్కలన్నీ కలిపి కొత్తది చేసుకుందామనుకుంటే మైనం గిన్నెని నేరుగా పొయ్యి మీద పెట్టకండి. పారాఫిన్ 200 డిగ్రీల ప్రాంతానికి చేరితే ఆవిరి అంటుకునే స్థితికి వస్తుంది, ఆలోపు చూసేవాళ్లకి బుడగల్లాంటి హెచ్చరికేమీ కనిపించదు. పెద్ద గిన్నెలో నీళ్లు మరిగిస్తూ అందులో మైనం గిన్నె ఉంచండి. నీళ్లు 100 దాటవు కాబట్టి మైనమూ దాటదు. నీళ్లు ఇగిరిపోకుండా చూసుకుంటే చాలు.

కరెంటు పోయినప్పుడు

చీకట్లో, కంగారులో, దొరికిన చోటల్లా పెట్టేది అప్పుడే. పైన చెప్పినవన్నీ గాలికి పోయేదీ అప్పుడే. ఒక కొవ్వొత్తి ఇచ్చే వెలుతురు 12, 13 ల్యూమెన్లు, చిన్న ఎల్ఈడీ టార్చి కూడా దానికి ఎన్నో రెట్లు ఇస్తుంది. కాబట్టి చీకటికి టార్చి వాడండి, కొవ్వొత్తిని ముచ్చటకి ఉంచుకోండి. టార్చి ఎప్పుడూ ఒకే చోట, చీకట్లో చేతికందేలా ఉండాలి. కొవ్వొత్తి చేత్తో పట్టుకుని అలమరలో, మంచం కింద వెతకడం అన్నిటికంటే ప్రమాదం.

బ్యాటరీ కొవ్వొత్తులు చిన్నపిల్లల ఇంట్లో మంచి ప్రత్యామ్నాయం. ఒక్క మెలిక ఉంది. చాలావాటిలో గుండ్రటి బిళ్ల బ్యాటరీ ఉంటుంది. దాన్ని పిల్లలు మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక తీవ్రంగా కాలిపోవచ్చు. బ్యాటరీ మూతకి స్క్రూ ఉన్నవే కొనండి. మింగారని అనుమానం వస్తే ఆలోచించకుండా ఆసుపత్రికి పరిగెత్తండి.

ఏదైనా అంటుకుంటే

జారులోనో టీలైట్‌లోనో మైనం మొత్తం భగ్గుమంటే నీళ్ల వైపు చెయ్యి పోనివ్వకండి. నీళ్లు మండే మైనం కిందికి దిగి క్షణంలో ఆవిరవుతాయి. నీళ్లు ఆవిరైతే దాదాపు 1,700 రెట్లు ఉబ్బుతాయి, ఆ ఊపుకి మండే మైనం తుంపరలై పైకప్పు దాకా లేస్తుంది. లోహపు మూతో, అంతకంటే పెద్ద గిన్నో పక్కనుంచి జరుపుతూ బోర్లించండి. చల్లారేదాకా తీసి చూడొద్దు. అందుకే వెలిగించేముందే అలాంటి మూత ఒకటి పక్కన పెట్టుకోండి.

కర్టెనో సోఫానో అంటుకుంటే వేరే లెక్క. మంట చిన్నగా ఉండి, చేతిలో అగ్నిమాపక సిలిండరు ఉండి, మీ వెనక తలుపు తెరిచి ఉంటేనే ప్రయత్నించండి. లేకపోతే అందర్నీ బయటికి తీసుకెళ్లి, గది తలుపు మూసి, బయటి నుంచి ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చెయ్యండి. మూసిన తలుపు మంటకి గాలి అందకుండా, పొగ పాకకుండా ఆపుతుంది. పొగ నిండితే నేలకి దగ్గరగా పాకుతూ రండి. పొగ అలారం ఉంటే నెలకోసారి బటన్ నొక్కి చూడండి.

ఒంటి మీది బట్ట అంటుకుంటే పరిగెత్తకూడదు, పరుగు మంటకి గాలి ఇస్తుంది. ఆగి, నేల మీద పడుకుని, ముఖం చేతులతో కప్పుకుని దొర్లాలి. ఇది పిల్లలకి ఆటలా ఒకసారి చేయించి చూపించండి.

చెయ్యి కాలితే, చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు టూత్‌పేస్టులూ నూనెలూ వెతక్కండి. కుళాయి కింద చల్లటి నీళ్లలో 20 నిమిషాలు పెట్టండి. గడియారం చూసి 20, ఎందుకంటే రెండు నిమిషాలకే చాల్లే అనిపిస్తుంది. ఐస్ వద్దు. వాపు రాకముందే ఉంగరాలు, గాజులు తీసేయండి. అతుక్కున్న మైనం నీళ్లకి గట్టిపడి తనంతట తాను ఊడితే సరే, పీకకండి, చర్మం కూడా వస్తుంది. తర్వాత శుభ్రమైన ప్లాస్టిక్ రేపర్ వదులుగా కప్పండి. బొబ్బలు చిదపొద్దు. అరచేతి కంటే పెద్దగా కాలినా, ముఖం, చేతులు, కీళ్ల దగ్గర కాలినా, కాలింది చిన్నపిల్లలకైనా డాక్టరు దగ్గరికి వెళ్లాలి.

ఒలికిన మైనం

గుడ్డ మీద పడితే వెంటనే తుడవకండి, ఇంకా లోపలికి ఇంకుతుంది. గట్టిపడ్డాక గీకేసి, పైనా కిందా టిష్యూ కాగితం పెట్టి, తక్కువ వేడి ఇస్త్రీపెట్టె ఆనించండి. కాగితం మైనాన్ని పీల్చుకుంటుంది, తడిసినప్పుడల్లా కొత్త కాగితం మార్చాలి. రంగు కొవ్వొత్తి అయితే మరక కొంత ఉండిపోవచ్చు. చెక్క మీద పడితే కవర్లో ఐసుముక్కలు వేసి కాసేపు ఆనిస్తే మైనం పెళుసుబారుతుంది, పాత ఏటీఎం కార్డు అంచుతో లేపితే పలకలుగా వస్తుంది. నా బల్ల మీది మైనం అలాగే వచ్చింది. నల్ల మచ్చ మాత్రం చెక్క లోపలికి దిగిపోయింది, గరుకు కాగితంతో ఎంత రుద్దినా పోలేదు.